ఖాళీ గంటలు

పెంచల ప్రసాద్ కారు ఫ్యాక్టరీ గేటు దాటేసరికి ఉదయం ఏడు నలభై అయింది. నాయుడుపేట దాటాక హైవే పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో వాష్‌బేసిన్లు, కమోడ్లు తయారవుతాయి. ప్రసాద్ దానికి ప్లాంట్ మేనేజరు. కారు దిగుతూనే ఎడమచేతి వాచీ అంచు మీద వేలితో నొక్కాడు. అద్దం చుట్టూ సన్నటి పచ్చగీత వెలిగింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పైకి వెళ్ళిపోయాడు.

రాత్రి షిఫ్టులో బట్టీలోంచి బయటికొచ్చిన బేసిన్లు రెండువందల పన్నెండు. అందులో ముప్ఫై ఒకటి పగిలాయి. ఎందుకని అడిగితే ఆరబెట్టే గదిలో తేమ ఎక్కువైందన్నారు. ఎనిమిదింబావుకి మీటింగు. తొమ్మిదికి హెడ్డాఫీసు ఫోను. పదింటికి, మట్టి పోసే అచ్చుల హాల్లో ముగ్గురు రాలేదంటే ఉన్నవాళ్ళనే మూడు వరసలకీ సర్దాడు. పదకొండున్నరకి సరుకుని బట్టీలోకి మోసే బండి పట్టాల మీద బిగుసుకుపోయిందని కబురొస్తే, చొక్కా చేతులు మడిచి నలుగురితో పాటు తనూ నెట్టాడు. అన్నం నిలబడే తిన్నాడు. ఆ తర్వాత విదేశాలకు వెళ్ళే కంటైనర్లు, కరెంటాఫీసు వాళ్ళు, లారీ కాంట్రాక్టరు గొడవ.

అతనికి నలభై ఏడేళ్ళు. జూన్ ముందు వరకూ మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళజోడు తీసి అరచేతులతో కళ్ళు రుద్దుకునేవాడు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కూడా పొద్దున కారు దిగిన మనిషిలాగే ఉంటున్నాడు. కింద పనిచేసే ఇంజనీర్లు అతని అడుగుల చప్పుడు వింటేనే కుర్చీల్లోంచి లేస్తున్నారు.

మూడున్నరకి సార్టింగ్ హాల్లోకి వెళ్ళాడు. అక్కడ పద్దెనిమిదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒక్కొక్క బేసిన్‌నీ చిన్న కొయ్యసుత్తితో తట్టి శబ్దం వింటారు. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఏ మిషనూ ఇంకా ఆ పనిని వాళ్ళకంటే బాగా చెయ్యలేదు. వాళ్ళకి మూడున్నరకి పదిహేను నిమిషాల టీ విరామం ఉండేది. జులైలో ప్రసాద్ దాన్ని తీసేశాడు.

పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న చెంగమ్మ ఆ రోజు ధైర్యం చేసింది.

"టీ కోసరం కాదు సార్. మజ్జానానికి చెవి మొద్దుబారిపోద్ది. మంచిదీ పగిలిందీ ఒకటే మాదిరి ఇనబడతాది. కాసేపు సప్పుడు లేకుండా కూచుంటే మళ్ళా తెరుచుకుంటాది."

"నేనూ పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను కదా చెంగమ్మా," అన్నాడు ప్రసాద్. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. అలసట అంటే ఎలా ఉంటుందో నాలుగు నెలల్లో అతని ఒళ్ళు మరిచిపోయింది.

* * *

అదే రోజు ఉదయం ఏడు నలభైకి, గూడూరులో వాళ్ళ ఫ్లాటులో, ప్రసాద్ భార్య హైమావతి కూతురి లంచ్ బాక్సులో పెరుగన్నం సర్దుతోంది. ఉన్నట్టుండి మోచేతుల దగ్గర బలం జారిపోయినట్టయింది. గరిటె గట్టు మీద పెట్టి కాసేపు గోడకి ఆనుకుంది. ఇది ఆమెకి కొత్త కాదు. జూన్ నుంచీ ఇంతే. పొద్దున్న లేచినప్పుడు మామూలుగా ఉంటుంది. ఏడు నలభై దాటాక ఎవరో భుజాల మీద తడి గోనెసంచీ వేసినట్టు ఉంటుంది. ఆ రోజు పదకొండున్నరకి ఆ బరువు రెట్టింపైంది. పని ఆగదు. ఒకటికి నీళ్ళ మోటారు వెయ్యాలి, రెండింటికి అపార్టుమెంటు వాళ్ళ నీళ్ళ ట్యాంకర్ లెక్క చూడాలి, ఆరిన బట్టలు తియ్యాలి, నాలుగున్నరకి స్కూటర్ మీద వెళ్ళి హారికని కాలేజీ నుంచి తీసుకురావాలి.

హైమ బోటనీలో బి.ఎస్సీ. చేసింది. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకూ ఆమె సొంత సమయం. జిల్లా గ్రంథాలయం కార్డు మీద నెలకి నాలుగు పుస్తకాలు తెచ్చి చదివేది. జూన్‌లో తెచ్చిన పుస్తకం ఇప్పటికీ నలభయ్యో పేజీ దగ్గరే ఉంది. తెరవగానే కళ్ళు మూతలు పడతాయి.

డాక్టరు రక్తపరీక్షలు రాశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఇంట్లోనే ఉంటారు కదమ్మా, మనసుకి ఏదైనా వ్యాపకం పెట్టుకోండి, కాస్త నడవండి," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను ఆమె వైపు కాకుండా ప్రసాద్ వైపు చూశాడు. ప్రసాద్ తల ఊపాడు.

గతవారం రైల్వే గేటు దగ్గర స్కూటర్ ఆపుకుని నిలబడి అలాగే నిద్రపోయింది. గేటు ఎత్తేశాక వెనక లారీ హారన్ కొడుతుంటే, వెనక కూర్చున్న హారిక భుజం పట్టుకుని కుదిపింది. ఒక్క క్షణం తను ఎక్కడుందో హైమకి తెలియలేదు. ఆ రోజు నుంచీ ఆమెకి భయం పట్టుకుంది. తన నిద్రకి పిల్ల బలి కాకూడదు.

ఆమెకి ఒక అలవాటుంది. పాలు రాని రోజూ, గ్యాస్ మార్చిన రోజూ వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాస్తుంది. ఈ నీరసం వచ్చే వేళలు కూడా ఆ గళ్ళలోనే రాస్తూ వచ్చింది, ఇంకో డాక్టరుకి చూపించవచ్చని. ఆదివారం నాడు దాన్ని చూస్తూ నిలబడ్డది ఇంటర్ చదివే హారిక.

"అమ్మా, నీకు ఆదివారాలు ఏమీ ఉండదేంటి?"

హైమ కూడా వచ్చి చూసింది. నిజమే. ఆదివారాల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పనిరోజైన సెప్టెంబరు పదకొండున గీత రాత్రి పొద్దుపోయే వరకూ సాగింది. అది బట్టీ బండి పట్టాలు తప్పి ప్రసాద్ ఫ్యాక్టరీలోనే ఉండిపోయిన రోజు. సెప్టెంబరు పద్దెనిమిది, పంతొమ్మిది మామూలు పనిరోజులే, అయినా ఆ గళ్ళలో ఏమీ లేదు.

"ఆ రెండు రోజులూ నాన్న సోఫాలో పడి నిద్రపోయాడు, గుర్తుందా?" అంది హారిక. "వాచీ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇచ్చానన్నాడు."

హైమ తన కుడిచేతి వైపు చూసుకుంది. మట్టిగాజుల మధ్య బంగారు పూత పూసిన స్టీలు గాజు ఒకటి ఉంది. జూన్‌లో ఫ్యాక్టరీ హెచ్.ఆర్. మేనేజరు రాజమోహన్ భార్యతో సహా ఇంటికొచ్చి ఇచ్చాడు. కుంకుమభరిణె, జాకెట్ ముక్క, పళ్ళతో పాటు. కుటుంబాల ఆరోగ్య పథకమని, బి.పి. అదే కనిపెడుతుందని చెప్పాడు. అతని భార్య బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని తొడిగింది. గాజు తొడుగుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోవడం హైమకి చేతకాలేదు. ఆ తర్వాత స్నానానికీ తియ్యలేదు, నిద్రకీ తియ్యలేదు. గాజులు ఎవరు తీస్తారు?

తీయరని కంపెనీ వాళ్ళకి తెలుసు. అందుకే మగవాళ్ళకి వాచీ చేశారు, ఆడవాళ్ళకి గాజు చేశారు.

* * *

సోమవారం హారికని పక్కింటివాళ్ళతో కాలేజీకి పంపి, హైమ బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను లేచి నిలబడి సారుకి ఫోన్ చెయ్యబోయాడు. సారుకి వద్దని, వాచీలు బాగుచేసే గదికి తీసుకెళ్ళమని చెప్పింది.

గోడౌన్ వెనక రెండు గదుల ల్యాబ్ అది. దాన్ని నడిపే డాక్టర్ విభావరికి ముప్ఫై రెండేళ్ళుంటాయి. హైమని చూసి మొదట సంతోషించింది, ఆ తర్వాత ఆమె ముఖం చూసి కుర్చీ జరిపింది. హైమ క్యాలెండర్ కాగితాలు నాలుగూ బల్ల మీద పరిచింది. విభావరి కంప్యూటర్ తెర మీద ప్రసాద్ వాచీ పనిచేసిన వేళల గీత తెరిచి, పక్కన పెట్టి చూసింది. రెండూ ఎక్కడా తేడా లేకుండా సరిపోయాయి.

"ఇంత వివరంగా ఎవరూ రాయలేదండీ మాకు," అంది మెచ్చుకోలుగా. అలా అన్నాక తనే నాలిక కరుచుకుంది.

ఆమె దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకి తోచినట్టే లేదు. మనిషి అలిసిపోయానని అనుకునేటప్పటికి కండరాల్లో ఇంకా శక్తి ఉంటుందట. 'ఇక చాలు' అని మెదడుకి చెప్పే సంకేతం ఒకటుందట. దాన్ని చెరిపెయ్యాలని మూడేళ్ళు ప్రయత్నించారు. చెరిపితే నాలుగు గంటల్లో రెట్టింపై తిరిగొచ్చింది. ఇంకొక శరీరంలోకి దింపితే మాత్రం తిరిగి రాలేదు. ఆ శరీరం నిద్రపోయి దాన్ని తీర్చేస్తుంది. ఎవరి శరీరం పడితే వాళ్ళది పనికిరాదు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, ఒకే వేళకి పడుకుని లేచేవాళ్ళైతేనే కుదురుతుంది. ఆ పథకానికి కంపెనీ 'ఊరట' అని పేరు పెట్టింది. రెండో మనిషిని వీళ్ళు 'స్వీకర్త' అంటారు.

"నన్ను అడగకుండానా?"

విభావరి ఫైలు తీసి ముందు పెట్టింది. దరఖాస్తు ప్రసాద్ చేతిరాతలో ఉంది. స్వీకర్త పేరు: హైమావతి. వృత్తి: లేదు. రోజులో ఖాళీ గంటలు: పద్నాలుగు. కింద హైమ సంతకం. సంతకం ఆమెదే. పెన్సిల్‌తో పెట్టిన చిన్న ఇంటూ గుర్తు పక్కనే చక్కగా పెట్టింది. జూన్‌లో బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు ప్రసాద్ తెచ్చి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించాడు. కూరగాయల సంచీలో పుచ్చువంకాయ ఒక్కటుంటే కనిపెట్టే హైమ, పెళ్ళైన పంతొమ్మిదేళ్ళుగా భర్త చూపించిన చోట చదవకుండా సంతకం పెడుతూ వచ్చింది. ఆమె ఒంట్లో కోపం ముందుగా తన మీదే లేచింది.

ఆ తర్వాతి కాగితాలు నెలవారీ నివేదికలు. జులై, ఆగస్టు, సెప్టెంబరు. 'స్వీకర్త నుంచి ఫిర్యాదు' అన్న గడిలో మూడు నెలలూ ప్రసాద్ 'లేదు' అని రాశాడు. ఆగస్టులోనే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది అతనే.

తల పైకెత్తేసరికి విభావరి చేతికీ అలాంటి వాచీయే కనిపించింది. పచ్చగీత వెలుగుతోంది.

"మీది ఎవరికి పోతోంది?"

"మా అమ్మకండీ."

"ఆవిడ ఏం చేస్తుంటారు?"

"ఏం చెయ్యరు, ఇంట్లోనే..." అని విభావరి మధ్యలో ఆగిపోయింది. హైమ ఆమె వైపు చూస్తూ కూర్చుంది.

లేచేముందు హైమ ఇంకొక్క సంగతి అడిగింది. ఇది ఎంతవరకు వచ్చిందని. తొమ్మిది రోజుల్లో ఆయుధపూజ. ఆ రోజు మూడువందల ఎనభైమంది కార్మికులకి వాచీలు, వాళ్ళ ఇళ్ళకి గాజులు ఇస్తారు. దానికి ముందు ప్లాంట్ మేనేజరు తుది సిఫార్సు మీద సంతకం చెయ్యాలి.

* * *

సాయంత్రం ప్రసాద్ ఉత్సాహంగా ఇంటికొచ్చి, షటిల్ బ్యాటు కోసం వెతుక్కుంటుంటే, హైమ క్యాలెండర్ కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. ల్యాబ్‌కి వెళ్ళానని చెప్పింది. అతను బ్యాటు పక్కన పెట్టాడు.

మొదట్లో తనకీ తెలియదన్నాడు. ఆ సంకేతం కంప్యూటర్‌లోకి పోతుందని, స్వీకర్త అంటే ఆరోగ్య పథకంలో చేరే ఇంటి మనిషని అనుకునే ఆ గళ్ళు నింపానన్నాడు. జులై నెలాఖరున చెప్పారట.

"చెప్పాక?"

ప్రసాద్ క్యాలెండర్ కాగితాల అంచులు సర్దాడు. "నీకైతే మధ్యాహ్నం పడుకునే వీలుంటుంది కదా అనుకున్నాను హైమా."

అబద్ధం ఆడినా ఆమెకి ఇంత కోపం వచ్చేది కాదేమో. అతను నిజమే చెప్పాడు. ఇన్నేళ్ళుగా తన రోజు గురించి ఇతను అనుకుంటున్నది ఇది. తను పొద్దున్న ఐదున్నరకి లేచి చేసిన టిఫిన్ తిని, తను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వెళ్ళి, ఆ కాగితంలో పద్నాలుగు అని వేశాడు. ఆ పద్నాలుగు ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పమని అడిగింది. ఇరవైనాలుగులోంచి నిద్రకి ఏడు, వంటకి మూడు తీసేశానన్నాడు. మిగతావి అతని లెక్కలోకి రాలేదు.

"రైలు గేటు దగ్గర నిద్రపోయి, హారికతో పాటు లారీ కింద పడి ఉంటే, ఆ నెల గడిలో ఏం రాసేవారు?"

ప్రసాద్ తప్పే అన్నాడు. క్షమించమన్నాడు. వెంటనే, తొమ్మిది రోజులు మాత్రం ఓర్చుకోమన్నాడు. నూట ఇరవై రోజుల రికార్డు పూర్తి కావాలట. ఇప్పుడు ఆపితే నాలుగు నెలల పని వృథా. పూజ అయిపోగానే తీసెయ్యవచ్చు. ఇంత చెప్పాక కూడా అడగగలిగాడు.

హైమ సింకు దగ్గరికి వెళ్ళి కొళాయి తిప్పి, గిన్నెల సబ్బు మణికట్టుకి పట్టించింది. గాజు బిగుతుగా ఉంది. ఎముక దగ్గర చర్మం గీరుకుపోయింది. లాగి తీసి, టేబుల్ మీద అతని ముందు పెట్టి, మంట పుడుతున్న చోట నీళ్ళు పోసుకుంది.

* * *

మర్నాడు ప్రసాద్ ఏడు నలభైకే గేటు దాటాడు. అలవాటుగా వాచీ నొక్కాడు. పచ్చగీత వెలిగి, రెండుసార్లు మిణికి, ఆరిపోయింది.

మీటింగు గడిచింది. పదింటికి అచ్చుల హాలు చివరికి నడిచి వెనక్కి వచ్చేసరికి పిక్కలు లాగాయి. పదకొండున్నరకి ఎవరో తేమ గురించి చెబుతుంటే సగం విన్నాక ముందు సగం మరిచిపోయాడు. అన్నం కూర్చుని తిన్నాడు. తిన్నాక లేవబుద్ధి కాలేదు. వాచీ ల్యాబ్‌లో ఉన్న రెండు రోజులు తప్ప, నాలుగు నెలల్లో పనివేళ ఒక్కసారైనా తను కూర్చోలేదని అప్పుడు గుర్తొచ్చింది. కూర్చోవాల్సిన అవసరం రాలేదు కాబట్టి, కూర్చున్న మనిషిని చూస్తే సోమరి అనుకుంటూ వచ్చాడు.

మూడున్నరకి సార్టింగ్ హాల్లో చెంగమ్మ చేతిలోంచి కొయ్యసుత్తి తీసుకుని తనే ఒక బేసిన్‌ని తట్టాడు. ఇంకొక దాన్ని తట్టాడు. రెండింటికీ తేడా తెలియలేదు. చెంగమ్మ రెండో దాన్ని పగిలినవాటి వైపు జరిపింది. టీ విరామం రేపటి నుంచి మళ్ళీ ఉంటుందని చెప్పి అతను బయటికొచ్చాడు.

హైమ ఆ మాట విని కాస్త మెత్తబడేదే. కానీ అదే సాయంత్రం రాజమోహన్ అతని గదిలో ఫైలుతో కూర్చుని ఉన్నాడు. నూట పదకొండు రోజుల రికార్డు చాలని హెడ్డాఫీసు ఒప్పుకుందట. అలిసిన చేత్తోనే ప్రసాద్ సిఫార్సు మీద సంతకం పెట్టాడు. పెట్టకపోతే ఇంకో మేనేజరుని తెచ్చి పెట్టిస్తారని భార్యకి చెప్పాడు. అది నిజమే కావచ్చు. పెట్టింది మాత్రం ఇతనే.

శనివారం రాజమోహన్ ఇంటికి వచ్చాడు. ఏటా ఆయుధపూజ నాడు కార్మికుల కుటుంబాలకి తాంబూలం ఇచ్చేది ప్లాంట్ మేనేజరు భార్య. ఈసారి గాజులు కూడా మేడమ్ చేతుల మీదుగానే తొడిగించాలని కంపెనీ కోరిక. మగవాళ్ళు ఇస్తే రకరకాల ప్రశ్నలు వేస్తారట. బొట్టు పెట్టి తొడిగితే ఎవరూ కాదనరట. అందుకు తను సాక్ష్యమని హైమ మనసులో అనుకుంది. ఇంకో విషయం కూడా అతను చాలా మర్యాదగా చెప్పాడు. మేడమ్‌కి ఇబ్బందిగా ఉంటే సార్ వాచీకి స్వీకర్తగా హారిక పేరు పెట్టవచ్చు. "పిల్లల నిద్ర గాఢంగా ఉంటుంది మేడమ్. వాళ్ళకి తెలియను కూడా తెలియదు."

హైమ భర్త వైపు చూసింది. ప్రసాద్ కళ్ళు టీ కప్పు మీద ఉన్నాయి. కింద వీధిలో ఒక ఆటో వచ్చి ఆగి, మనిషిని దించి, మళ్ళీ కదిలిపోయింది. అప్పటికి అతను "వద్దు" అన్నాడు.

ఆయుధపూజకి వస్తానని హైమ రాజమోహన్‌తో చెప్పింది.

* * *

ఆ రోజు ఫ్యాక్టరీ చల్లబడి, పసుపు వాసన వేస్తోంది. మిషన్లన్నిటికీ బొట్లు పెట్టారు, బట్టీ బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆవరణలో షామియానా కింద ఆడవాళ్ళు పట్టుచీరలతో, పిల్లలతో వరసలో నిలబడ్డారు. బల్ల మీద ఎర్రటి పెట్టెలు గుట్టగా ఉన్నాయి. పక్కన దరఖాస్తుల కట్ట. ప్రతి దాని కిందా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు ముందే పెట్టి ఉంది. ఖాళీ గంటల గడి ఇప్పుడు కనబడలేదు. అడగడం ఎందుకని దాన్ని అచ్చులోంచే తీసేశారు.

వరసలో మొదట చెంగమ్మ ఉంది. ఆమె భర్త బట్టీ దగ్గర పనిచేస్తాడు. వెనక ఆమె అత్తగారు మనవడి చెయ్యి పట్టుకుని నిలబడింది. హైమ చెంగమ్మకి బొట్టు పెట్టింది. చెంగమ్మ నవ్వుతూ చెయ్యి చాపింది. ఎంత సులువుగా చాపిందో.

హైమ గాజు తియ్యలేదు. పాటలు పెడుతున్నతని దగ్గర మైకు అడిగి తీసుకుంది. ఉపన్యాసం ఇవ్వలేదు. ఇది బి.పి. చూసే గాజు కాదని, మగవాళ్ళ వాచీలోంచి వాళ్ళ అలసట దీంట్లోకి దిగుతుందని, నాలుగు నెలలు తను మోసిందని చెప్పింది. గీరుకుపోయిన మణికట్టు ఎత్తి చూపించింది. సంతకం పెట్టేముందు కాగితం చదవమంది, చదవడం రానివాళ్ళకి తను చదివి వినిపిస్తానంది.

రాజమోహన్ పరుగులాంటి నడకతో వస్తున్నాడు. చెంగమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని అడిగింది.

"అంటే మా ఆయనది నాకొస్తాది. సరే. దినమంతా నేనూ ఈడ సుత్తి పట్టుకుని నిలబడతా గదమ్మా. నాది యాడికి పోద్ది?"

రాజమోహన్ మైకు కోసం చెయ్యి చాపుతూనే జవాబిచ్చాడు. పనిచేసే ఆడవాళ్ళకి వేరే ఏర్పాటుందన్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని చేర్చవచ్చన్నాడు.

చెంగమ్మ వెనక్కి తిరిగి అత్తగారిని చూసింది. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. "ఇంటిల్లిపాది గుడ్డలు ఉతికేది ఈమె సార్," అంది. "ఈమెది ఎవురికి? ఈ బిడ్డకా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస చివరి దాకా పాకింది, కానీ అందులో సంతోషం లేదు. వెనకనున్న ఒకామె చేతులు రెండూ పైటలో దోపుకుంది. ఆమెని చూసి పక్కామె కూడా. ఎవరూ కేకలు వెయ్యలేదు. పులిహోర పొట్లాలు తీసుకున్నారు, తాంబూలం తీసుకున్నారు, ఎర్రపెట్టెలు అక్కడే వదిలి పక్కకి జరిగారు. మగవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. కొందరు గుర్రుగా చూశారు. అందరూ వదల్లేదు. భర్తల కళ్ళలోకి చూసి నలుగురు ఆడవాళ్ళు సంతకం పెట్టి, గాజు తొడిగించుకుని వెళ్ళారు. హైమ తొడగలేదు కాబట్టి రాజమోహన్ భార్య తొడిగింది. ఆ నలుగురి ముఖాలూ హైమ జాగ్రత్తగా చూసి పెట్టుకుంది.

పెట్టెల గుట్ట ముందు నిలబడి రాజమోహన్ హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తున్నాడు. డాక్టర్ విభావరి ఎప్పుడు వచ్చిందో తెలియదు, షామియానా గుంజ పక్కన నిలబడి ఉంది. ఆమె చేతికి వాచీ లేదు. హైమ దగ్గరికి రాబోయి, రాలేక వెళ్ళిపోయింది.

ప్రసాద్ వేదిక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రేపో ఎల్లుండో తనకి ఏ ఉత్తరం వస్తుందో అతనికి తెలుసు. జుట్టు చెదిరి ఉంది, కళ్ళ కింద నల్లబడి ఉంది. పొద్దున నాలుగింటి నుంచీ ఏర్పాట్లు చూస్తూ నిలబడ్డాడు. ఆ అలసట అంతా అతనిదే.

"ఇంటికి పోదామా హైమా? నిలబడలేకపోతున్నాను."

"మీరు వెళ్ళండి," అంది హైమ. "అన్నం, పప్పు వండి ఉన్నాయి. పెట్టుకుని తినండి. హారికకీ పెట్టండి."

"నువ్వు?"

"నాకు అలసటగా లేదు."

అతను ఇంకేదో అడిగేలోపు ఆమె చెంగమ్మ దగ్గరికి వెళ్ళింది. గాజులు తొడిగించుకున్న ఆ నలుగురివీ ఏ ఊళ్ళని అడిగింది. ఇద్దరిది ఒకే ఊరు, మిగతా ఇద్దరిదీ దారిలోనే అని చెంగమ్మ చెప్పింది. అటు పోయే షేర్ ఆటో గేటు బయట ఆగి ఉంది. అత్తగారినీ పిల్లవాడినీ ముందు ఎక్కించి, చెంగమ్మ లోపలికి జరిగి చోటిచ్చింది. హైమ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కి కూర్చుని, పోనివ్వమంది.